తొంభై నిమిషాల కన్యాశుల్కంలో గిరీశాన్ని ఎటు తూగనివ్వాలి?

తెరచాటు:
గురజాడ నాటకం కన్యాశుల్కాన్ని గంటన్నరకు కుదిస్తున్నాం. ఆధారం 1909 నాటి రెండో కూర్పు. చిక్కంతా సంస్కరణ కబుర్లు చెప్పే మాయగాడు గిరీశంతోనే. నటుడు హాయిగా నవ్విస్తుంటే, శిష్యుడు వెంకటేశం అక్క, వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోయే ఘట్టానికి జనం వాడి పక్షాన చేరిపోతున్నారు. కాస్త బిగిస్తే ఉత్త విలన్ అయిపోతున్నాడు. ఏ సీన్లు ముట్టుకోకూడదు? ఏవి కోసినా ఫర్వాలేదు?

పాత్రధారి:
మధ్యేమార్గం వెతక్కండి, దొరకదు. మంచి సగం, చెడు సగం కలిపి చేసిన పాత్ర కాదది. గిరీశం చెప్పే మాటలు చాలావరకు సరైనవే. ఎందుకు చెబుతున్నాడన్నదే తేడా. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది, 1881లో వీరేశలింగం రాజమండ్రిలో చేయించి చూపించారు. అదే వాదన వీడి నోట వస్తోంది. కాబట్టి నటుడు ఆ మాటలు నమ్మి చెప్పాలి. జనం వైపు చూసి కన్ను గీటాడా, పాత్ర అక్కడే చచ్చిపోతుంది. ఉపన్యాసం వెంకటేశానికి, చూపు బుచ్చమ్మ మీద. ఆ పాటి చాలు.

ముట్టుకోకూడని మొదటి చోటు, మొదటి స్వగతం. టైము కలిసొస్తుందని చాలామంది దాన్ని ఎగరగొట్టి వెంకటేశం ప్రవేశంతో మొదలుపెడతారు. పూటకూళ్ళమ్మకు సంతలో సామాను తెస్తానని 20 రూపాయలు పట్టుకెళ్ళి వేశ్య మధురవాణి మీద ఖర్చు పెట్టిన సంగతి బయటపడేది అక్కడే. అది పోతే జనానికి పరిచయమయ్యేది తమాషా మాస్టారు, అప్పులవాడు కాదు. రెండు నిమిషాలకు కుదించండి గానీ ఆ ఇరవై రూపాయలు మాత్రం వినపడాలి. బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధాన్ల ముందు గురుశిష్యుల ఇంగ్లీషు ప్రదర్శనను సగానికి తగ్గించినా నష్టం లేదు, నాలుగు ముక్కలకే నవ్వు వచ్చేస్తుంది.

ఐదో అంకం:
నమ్మి చెప్పాలన్నది ఒప్పుకుంటాను గానీ, అంతటితో ఆగితే హీరో అయిపోతాడు. అసలు కీలు బుచ్చమ్మ చెల్లెలు సుబ్బికి ముసలి లుబ్ధావధాన్లతో తలపెట్టిన పెళ్ళి. నువ్వు నాతో వచ్చేస్తే నీ చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని బుచ్చమ్మకు ఆశపెడతాడు చూడండి, అక్కడ ఆమె ప్రేమకు కాదు, చెల్లెలి మీద జాలికి లొంగుతుంది. ఆ పెళ్ళి తప్పించడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి నడుపుతున్న ఎత్తు సంగతి జనానికి ముందే తెలుసు, బుచ్చమ్మకు తెలియదు. అందుకని కరటకశాస్త్రి సీన్లను ఆ ఘట్టం తర్వాతకు జరపకండి. జరిపితే గిరీశం నిజంగానే సుబ్బిని కాపాడుతున్నట్టు కనబడుతుంది.

ఆ ఘట్టంలో వెంకటేశాన్ని స్టేజీ మీద ఉంచకండి. చుట్ట లేదు, చేతులు ఊపడం లేదు, గొంతు తగ్గాలి. చెల్లెలి మాట ఎత్తాక మూడు సెకన్లు ఎవరూ కదలకూడదు. ఇక్కడ ఒక్క నవ్వు వచ్చినా ముందు సీన్లో వేగం ఎక్కువైందని అర్థం, సరిచేయాల్సింది దాన్ని. 1955 సినిమా చూసి ఎన్టీఆర్‌ని అనుకరించే కుర్రాళ్ళు సరిగ్గా ఈ చోటే దెబ్బతింటారు.

ఇంకొకటి. గురజాడ 1897 నాటి ముందుమాటలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో నమోదైన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహాలు 1034 అని రాశారు, వాటిలో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు కరపత్రంలో వేయండి. గిరీశం నోట వచ్చినంత మాత్రాన సంస్కరణ వెటకారం కాదని అప్పుడు తెలుస్తుంది.

కంటె:
అందరూ గిరీశాన్నే తూస్తున్నారు, త్రాసులో రెండో పళ్ళెం మధురవాణి. కుదింపుల్లో ఆమెను దేవత చేసేస్తారు, దాంతో వీడు దానంతటదే విలన్ అవుతాడు. ఆమె మాత్రం అబద్ధాలాడదా? తనను ఉంచుకున్న రామప్పపంతులును ఆడిస్తుంది, పెళ్ళికిచ్చిన కంటె (మెడ నగ) కోసం అతన్ని నిలబెట్టి నిలదీస్తుంది, చివరికి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులింటికి వెళుతుంది. కంటె గొడవ తీసేసి మంచితనం ఒక్కటే ఉంచితే పాత్ర చప్పబడిపోతుంది. కోయాలంటే పేకాట కోయండి, అది బాగుంటుందని నాకూ తెలుసు.

చివర ఆమె గిరీశం గుట్టు విప్పడంలో న్యాయం ఎంత, పాత లెక్క ఎంత అన్నది తేల్చకండి. చెప్పేటప్పుడు సౌజన్యారావు వంక చూడాలి, గిరీశం వంక కాదు.

తెరచాటు:
ముగింపు? ‘డామిట్, కథ అడ్డం తిరిగింది’ అన్న గిరీశం ఆఖరి మాటకు చప్పట్లు ఖాయం.

పాత్రధారి:
చప్పట్లు రానివ్వండి, దీపాలు మాత్రం ఆ మాట మీదే ఆర్పకండి. బుచ్చమ్మను పూనా విడోస్ హోముకు (వితంతు శరణాలయానికి) పంపుతానని సౌజన్యారావు చెప్పేది అంతకు ముందే కాబట్టి ఆ వాక్యం నెమ్మదిగా, పూర్తిగా వినపడాలి. డామిట్ అన్న మాట అరవక్కర్లేదు, పళ్ళ బిగువున అంటే చాలు. గిరీశం నడిచి వెళ్ళిపోయాక ఐదారు సెకన్లు ఖాళీ స్టేజీ, అప్పుడు తెర.