సమస్యాపూరణం: నాల్గవస్థాన మదె కప్పు నాకు మీకు

నిర్వాహకుడు, అనంతపురం: ఈ వారం తేటగీతి పాదం ఇస్తున్నాను.

"నాల్గవస్థాన మదె కప్పు నాకు మీకు"

యూరప్‌లోని అగ్ర ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించడం కూడా తన దృష్టిలో ట్రోఫీయేనని 2012లో లండన్ క్లబ్బు ఆర్సెనల్ కోచ్ ఆర్సెన్ వెంగర్ అన్నారు. అప్పట్లో ఇంగ్లండ్ లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచినా ఆ అవకాశం ఉండేది. మన ఊరి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో ఆడి పెరిగిన నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

గుత్తికోట:

కొన్న టిక్కెట్ల ధనము మా కోశమందు
చేరుచుండఁగ గెలుపుపై చింత యేల?
చాలు చాలంచు యజమాని చాటి చెప్పె:
నాల్గవస్థాన మదె కప్పు నాకు మీకు

తాడిపత్రి అక్క: ధార బాగుంది తమ్ముడూ. పిసినారితనం మాత్రం ఇంకా గట్టిగా రావాల. 2013లో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ కోసం ఆర్సెనల్ వాళ్లు 4 కోట్ల పౌండ్ల మీద ఒకే ఒక్క పౌండు కలిపి అడిగినారు. ఆయన రానే లేదు. ఆ ఒక్క పౌండు పద్యంలో పడింటే చదివేవాళ్లకు కడుపు మండేది.

గుత్తికోట: 2006లో కొత్త స్టేడియానికి మారినాక అప్పుల భారం ఉండె కదక్కా.

నిర్వాహకుడు: అప్పు నిజమే. అయినా 2012లో వాన్ పెర్సీని మాంచెస్టర్ యునైటెడ్‌కే అమ్మినారు, మరుసటి ఏడాదే వాళ్లు లీగ్ గెలిచినారు. గోల్స్ కొట్టేవాణ్ని ప్రత్యర్థి చేతిలో పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. 2005లో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్పు గెలిచిన ఆర్సెనల్‌కు మళ్లీ ట్రోఫీ దక్కింది 2014లో. అన్నేళ్లు టికెట్టు కొన్నవాడు కప్పు అడిగితే అది అత్యాశ ఎట్లా అవుతుంది?

తాడిపత్రి అక్క:

ఓటమెరుగని యేఁడాది యొకటి గలదు
ముప్పదెనిమిది యాటల మురిసినాము
అట్టి మనకు నేఁ డిది చాలు తగునె యనుట
నాల్గవస్థాన మదె కప్పు? నాకు, మీకు!

నిర్వాహకుడు: అక్కా, మూడో పాదంలో యతి తప్పింది, "అ"కు "త" కుదరదు. రెండు మాటలు అటూ ఇటూ మారిస్తే చాలు: "అట్టి మనకు నేఁ డిది చాలు ననుట తగునె". చివరి పాదాన్ని ప్రశ్నగా విరవడం నాకు చాలా నచ్చింది. 2003-04 లీగ్‌లో ఆర్సెనల్‌కు 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. ఆ జట్టును చూసినవాళ్లకే ఇట్లాంటి ప్రశ్న పుడుతుంది.

కదిరిమల్లె:

రేయి మేల్కొని యాటను రెప్ప వాల్ప
కుండఁ జూచితి మంగడిఁ గొలువు దీరి
మూఁడు టీలను మిత్రులు ముందె గొనిరి
నాల్గవస్థాన మదె కప్పు నాకు మీకు

గుత్తికోట: భలే చెల్లీ! ఒక టీ ఇద్దరికి!

నిర్వాహకుడు: ఛందస్సు శుభ్రంగా ఉందమ్మా, సమస్యనూ తెలివిగా దాటినావు. కానీ రాత్రంతా మేలుకున్నవాడి బాధేదీ? గెలిచినారా, ఓడినారా, టీ ఎట్లా గొంతు దిగింది? అది లేదు కాబట్టి నా ఓటు అక్క పద్యానికే.

కదిరిమల్లె: సరే సార్. మూడో పాదం మార్చి రాత్రికి పంపుతా. అక్క చెప్పిన పౌండు అందులో పట్టేలా చూస్తా.