వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్‌కి కారులో ఒక్క రోజు: దారిలో ఎన్ని చోట్ల ఆగొచ్చు?

ప్రశ్న (పాలపిట్ట)

జూన్‌లో వియన్నాలో పొద్దున్నే హోటల్ ఖాళీ చేసి, సాయంత్రానికి సాల్జ్‌బర్గ్ చేరాలి. డ్రైవర్‌తో సహా ప్రైవేట్ కారు మాట్లాడుకోవాలని ఆలోచన. ముగ్గురు పెద్దవాళ్లం, తొమ్మిదేళ్ల పాప. పెద్ద సూట్‌కేసులు మూడు, చిన్నవి రెండు. డ్యూర్న్‌స్టైన్, మెల్క్ మఠం, మౌట్‌హౌజెన్, సరస్సుల ఒడ్డున ఉన్న హాల్‌స్టాట్, సెయింట్ గిల్గెన్ ఐదూ ఒకే రోజులో అయిపోతాయని ఒక ప్లాన్ కనిపించింది. నిజంగా అవుతాయా? మాలో ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. కారు మాట్లాడేటప్పుడు ఏమేం అడగాలో కూడా చెప్పండి.

జవాబు (దారిబత్తెం)

ఐదూ అవ్వవండి. తిన్నగా ఏ1 హైవే మీద వెళ్తే సుమారు 300 కిలోమీటర్లు, మూడు గంటలు. మెల్క్ హైవే పక్కనే కాబట్టి దానివల్ల దూరం పెద్దగా పెరగదు. హాల్‌స్టాట్‌కి మాత్రం రెగావు దగ్గర హైవే దిగి సరస్సుల దారి పట్టాలి. ఈ రెండూ కలిపితే 365 కిలోమీటర్ల పైమాటే, డ్రైవింగే ఐదు గంటలు.

8కి బయల్దేరితే 9:10కి మెల్క్‌లో ఉంటారు. అక్కడ గంటన్నర. మెల్క్ నుంచి హాల్‌స్టాట్‌కి రెండుంపావు నుంచి రెండున్నర గంటలు. మధ్యలో భోజనానికి ముప్పావుగంట వేసుకుంటే రెండింటికి చేరతారు. రెండు గంటలు తిరిగి నాలుగింటికి కదిలితే, సెయింట్ గిల్గెన్‌లో కాసేపు ఆగినా ఆరు లోపు సాల్జ్‌బర్గ్. రోజంతా నిండిపోయింది, ఇంకొకటి ఇరికించడానికి చోటు లేదు.

డ్యూర్న్‌స్టైన్ చేర్చాలంటే హైవే వదిలి క్రెమ్స్ మీదుగా డాన్యూబ్ ఒడ్డు రోడ్డులో మెల్క్ రావాలి. ఎక్కడా ఆగకపోయినా ముప్పావుగంట ఎక్కువ పడుతుంది. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1192 చివర్లో బంధించిన కోట అక్కడిదే, కానీ ఆ శిథిలాల దాకా అరగంట ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దు. మౌట్‌హౌజెన్ నాజీల నిర్బంధ శిబిరం. దానికి కనీసం రెండు గంటలు కావాలి, తొమ్మిదేళ్ల పిల్లని తీసుకెళ్లే చోటూ కాదు. అది చూసిన గంటకే హాల్‌స్టాట్‌లో ఫోటోలు దిగాలని ఎవరికీ అనిపించదు. అది వేరే రోజు, విడిగా వెళ్లాల్సిన చోటు.

మెల్క్‌లో మ్యూజియం, లైబ్రరీ గదుల్లో ఫోటోలు తీయనివ్వరు. లైబ్రరీ నుంచి చర్చిలోకి వంకీలు తిరిగే మెట్లు దిగాలి. మీవాళ్లకి వేరే దారి చూపించమని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, లోపలికి వెళ్లాక వెనక్కి రావడం కష్టం.

జవాబు (సరస్సుగట్టు)

పైన చెప్పిన లెక్క సరైనదే. ఒక్క మాట కలుపుతాను: వీలుంటే ఈ ప్రయాణం తిప్పి వేసుకోండి, సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నాకి. హాల్‌స్టాట్ సరస్సుకి పడమటి ఒడ్డున ఉంది, ఊరికి వెనకాలే నిటారుగా కొండ. పొద్దున ఎండ ఇళ్ల ముఖాన పడుతుంది. మధ్యాహ్నం దాటాక కొండ నీడ తొందరగా కమ్మేస్తుంది. పైగా పదింటి నుంచి నాలుగింటి దాకా టూరిస్టు బస్సుల రద్దీ. సాల్జ్‌బర్గ్ నుంచి గంటుంపావు దూరమే కాబట్టి ఏడున్నరకి బయల్దేరితే తొమ్మిది లోపు అక్కడుంటారు. హోటళ్లు బుక్ అయిపోయి తిప్పలేకపోయినా జూన్‌లో పగలు పొడుగు కాబట్టి ఫర్వాలేదు. డిసెంబర్‌లో అయితే మధ్యాహ్నం వెళ్లడం దండగ.

ఊళ్లోకి బయటి కార్లని రానివ్వరు. డ్రైవర్ని ఊరికి దక్షిణాన లాన్ అనే పేట వైపు బస్ స్టాప్ దగ్గర దింపమనండి. అక్కడి నుంచి మార్కెట్ చౌక్ పది, పదిహేను నిమిషాలు, సరస్సు వెంట దాదాపు చదును. అందరూ ఫోటో తీసే చోటు ఊరికి ఆ చివర, ఉత్తరాన. అంటే వెళ్లి రావడానికే నలభై నిమిషాలు, అది మీ రెండు గంటల్లోంచే పోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చౌక్‌లో కూర్చుంటే మిగతావాళ్లు వెళ్లి రావచ్చు. రంగులు వేసిన పుర్రెలు దాచిన ఎముకల గది కొండ మీది చర్చి పక్కన ఉంది, దానికి మెట్లు తప్పవు. ఉప్పు గని జోలికి ఈసారి పోకండి, మూడు గంటలు మింగేస్తుంది.

హాల్‌స్టాట్‌కి వెళ్లే దారిలో ట్రౌన్‌కిర్షెన్ అనే ఊరు వస్తుంది, దాన్ని చాలామంది దాటేసి వెళ్లిపోతారు. అక్కడి చర్చిలో ఉపన్యాస పీఠం పడవ ఆకారంలో చెక్కి ఉంటుంది: పక్కలకి వేలాడే వల, వలలోంచి కారుతున్నట్టు వెండిరంగు నీటి ధారలు, చేపలు. 1753 నాటిది. పదిహేను నిమిషాలు చాలు. సెయింట్ గిల్గెన్‌లో ఆగే సమయం తగ్గించుకునైనా ఇది చూడాలి.

జవాబు (డిక్కీ లెక్క)

కారు సంగతి. పెద్ద సూట్‌కేసులు మూడు, చిన్నవి రెండు మామూలు సెడాన్‌లో పట్టవు. రెండు పెద్దవి, రెండు చిన్నవి దాకా సర్దుకోవచ్చు, ఆపైన ఒళ్లో పెట్టుకోవాల్సిందే. డిక్కీ పొడుగున్న ఎస్టేట్ కారైనా, వ్యాన్ అయినా అడగండి. “నలుగురం” అని మాత్రమే చెబితే సెడాన్ పంపిస్తారు. సూట్‌కేసుల సంఖ్య, సైజు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఆస్ట్రియాలో 14 ఏళ్ల లోపు ఉండి 135 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలకి చైల్డ్ సీట్ కావాలి. పాప ఎత్తు కొలిచి బుకింగ్‌లోనే బూస్టర్ అడగండి. ఆ పొద్దున అడిగితే దొరకదు.

ధరలో టోల్, పార్కింగ్, వెయిటింగ్ కలిసి ఉన్నాయా అన్నది మూడు వేర్వేరు ప్రశ్నలుగా అడగండి. “అన్నీ కలిపే” అన్న జవాబుతో ఆగిపోవద్దు. ముఖ్యంగా వెయిటింగ్: ఒక్కో చోట ఎన్ని నిమిషాలు, దాటితే గంటకి ఎన్ని యూరోలు? డ్రైవర్ మిమ్మల్ని దింపి మళ్లీ 300 కిలోమీటర్లు ఖాళీగా వెనక్కి వెళ్లాలి. అందుకే ఒకవైపు ప్రయాణమైనా ధర ఎక్కువ ఉంటుంది, ఆలస్యానికి చార్జీ కూడా గట్టిగా ఉంటుంది. మీరు తిరిగేటప్పుడు సామాను కారులోనే ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టులు, మందులు, డబ్బు వెంట ఉంచుకోండి, డ్రైవర్ వాట్సాప్ నంబర్ తీసుకోండి.

పాలపిట్ట

చాలా ఉపయోగపడిందండీ. హోటళ్లు బుక్ అయిపోయాయి, తిప్పలేం. మెల్క్, ట్రౌన్‌కిర్షెన్, హాల్‌స్టాట్ ఖాయం చేస్తున్నాను. ఆ రోజు వాన పట్టుకుంటే?

సరస్సుగట్టు

జూన్‌లో అక్కడ వాన మామూలే. చినుకులైతే వెళ్లిపోండి, రద్దీ తగ్గుతుంది. మబ్బులు సరస్సు మీదికి దిగిపోతే మాత్రం హాల్‌స్టాట్‌లో ఎదుటి ఒడ్డు కూడా కనిపించదు. మెల్క్‌లో కారెక్కే ముందే హాల్‌స్టాట్‌లోని వెబ్‌క్యామ్‌లు చూసుకోండి. బాగాలేకపోతే రెగావు దగ్గర దిగకుండా ఏ1 మీదే సాగిపోయి మోండ్‌జేలో ఆగండి. హైవే పక్కనే సరస్సు, పెద్ద బాసిలికా చర్చి, నడక తక్కువ. అక్కడి నుంచి సాల్జ్‌బర్గ్ అరగంటే. ఇలా మార్చుకుంటే అదనపు డబ్బు ఉండదని బుకింగ్ అప్పుడే ఒప్పించుకోండి. హాల్‌స్టాట్‌కి కట్టినది వెనక్కి ఇస్తారా లేదా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.