రిసెప్షన్‌లో పాటల వరస మనం రాసివ్వాలా, డీజేకే వదిలేయాలా?

పెళ్లిపనులు:
రిసెప్షన్‌కి 150 మంది వస్తారు. హాలు మన చేతిలో ఉండేది 4 గంటలు. ఇద్దరం కూర్చుని 60 పాటలు ఏరి, 1 నుంచి 60 దాకా వరస కూడా వేశాం. డీజే మాత్రం "తప్పకుండా కావాల్సినవి పది చెప్పండి, మిగతాది నాకు వదిలేయండి" అంటున్నారు. పెళ్లి మాది, పాటలు ఆయన ఇష్టమా అనిపిస్తోంది. వరస మనం రాసిస్తే నష్టమేంటి? ఆయనకి వదిలేస్తే నష్టమేంటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

తాళంగతి:
రాసివ్వొద్దనే నా మాట. ముందు లెక్క చూడండి. పాటకి 4 నిమిషాల చొప్పున 60 పాటలు 240 నిమిషాలు, 4 గంటలకి సరిపోయిందనుకుని ఉంటారు. కానీ జనం వచ్చి సర్దుకునేసరికి 40 నిమిషాలు పోతాయి. భోజనాలకి 75. మాట్లాడేవాళ్లకీ ఫోటోలకీ కలిపి 30. డాన్సుకి మిగిలేది 95 నిమిషాలే. డాన్సు నడిచేటప్పుడు ఏ డీజే పాట మొత్తం వేయడు, రెండున్నర మూడు నిమిషాలకే తర్వాతి దాంట్లోకి కలిపేస్తాడు. అంటే 32 నుంచి 38 పాటలు పడతాయి. వరస ప్రకారం పోతే 40వ నంబరు తర్వాత ఉన్నవేవీ వినపడవు. మీకు ప్రాణమైన పాటల్ని చివరికి దాచుకుని ఉంటే పోయేవి అవే. కార్యక్రమం అరగంట లేటైతే ఇంకో పది పన్నెండు పాటలకి నీళ్లొదులుకోవాలి.

రెండోది వేగం. మెల్లగా సాగే జంట డాన్సు పాటలు నిమిషానికి 60–80 బీట్ల దగ్గరుంటాయి. గుంపుగా ఆడించేవి 115–130 మధ్య. 124 మీద ఎగురుతున్నవాళ్ల కాళ్ల కింద ఒక్కసారిగా 90 పాట పడితే అడుగు తప్పుతుంది, అదే అదనుగా మంచినీళ్లకని సగంమంది వెళ్లిపోతారు. వాళ్లని వెనక్కి రప్పించడానికి రెండు మూడు పాటలు ఖర్చు. జనం అలిసిపోయారా, ఇంకా ఊపు మీదున్నారా అన్నది ఆ నిమిషంలో ఫ్లోరు చూస్తున్నవాడికే తెలుస్తుంది. నెల ముందు రాసిన కాగితానికి తెలియదు.

ఇంటిపాట:
లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. "ఫ్లోరు చూసి వేస్తా" అనే డీజేల్లో చాలామంది చూసేది ఫ్లోరుని కాదు, పోయిన వారం ఎక్కడో ఆడిన తమ 40 పాటల ఫోల్డర్ని. రెండు కుటుంబాలు ఏ పాటలు వింటూ పెరిగాయో ఆయనకేం తెలుసు? పెద్దవాళ్ల ముందు ఇబ్బంది పెట్టే సాహిత్యం ఏదో, పోయినవాళ్లని గుర్తుచేసి ఏడిపించే పాట ఏదో ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

నేను చెప్పేది కట్టల పద్ధతి. 5 కట్టలు, ఒక్కోదాంట్లో 8 పాటలు. కట్టల క్రమం మీది, కట్ట లోపల వరస ఆయనది. మొదటి కట్ట పెద్దవాళ్ల పాటలు కావాలి, ఇది మాత్రం మార్చొద్దు. వాళ్లూ పిల్లలూ తొందరగా వెళ్లిపోతారు. వాళ్ల పాటల్ని గౌరవం పేరుతో ఆఖర్న పెడితే వినేవాళ్లు ఉండరు. డాన్సు మొదలైన తొలి అరగంటలోనే వేయించండి. పెద్దవాళ్లు నలుగురు లేస్తే కుర్రవాళ్లకి బిడియం పోతుంది, తిరగేసి చేస్తే అలా జరగదు.

ఇంకో జాబితా కూడా ఇవ్వండి: అస్సలు వేయకూడనివి. పేర్లు రాసి ఊరుకోకుండా "రీమిక్స్ కూడా వద్దు" అని రాయండి, లేకపోతే అది రీమిక్స్ రూపంలో వచ్చి కూర్చుంటుంది.

తాళంగతి:
పెద్దవాళ్ల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒకే తరహావి 8 పాటలంటే 20 నిమిషాలు పైనే. ఆ తరహా నచ్చనివాళ్లు అంతసేపు నిలబడరు, కుర్చీలకి పోతారు. మూడు నాలుగు పాటలకొకసారి తరహా మారాలి. వేగం మెల్లగా పెంచుకుంటూ పోయి, ఇరవై పాతిక నిమిషాలకోసారి ఒకటి రెండు మెల్లని పాటలతో ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ ఎక్కించాలి. కట్టలిస్తే ఆ స్వేచ్ఛ పోతుంది.

పోయిన వారం ఫోల్డర్ భయానికి మందు వేరే ఉంది. బుక్ చేసుకునే ముందు "భోజనాల తర్వాత తొలి 20 నిమిషాలు ఏం వేస్తారు, ఎందుకు?" అని అడగండి. పని తెలిసినవాడు ఎదురు ప్రశ్నలు వేస్తాడు: వయసులేంటి, ఏ భాషలవాళ్లు, ఎవరు ముందు లేస్తారు. తెలియనివాడు స్పీకర్ల సైజు చెప్తాడు.

మిక్సర్‌ముందు:
వరస గొడవ ఒడ్డెక్కినా శబ్దం సరిగ్గా లేకపోతే ఎవరూ ఫ్లోరు మీదికి రారు, ఇది కూడా వినండి.

స్పీకర్ల జత స్టేజీ పక్కనొక్కటే పెడితే, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. హాల్లో గోడల వల్ల కాస్త తక్కువ పడుతుంది, అంతే. వెనకవాళ్లకి వినపడ్డంలేదని సౌండ్ పెంచుతారు, ముందు బల్లల దగ్గర చెవులు పగిలిపోతాయి. స్పీకర్లు ఫ్లోరుకి రెండు వైపులా పెట్టి మొహాలు ఫ్లోరు మధ్యకి తిప్పండి. వెనక బల్లలకి చిన్న జత వేరే పెట్టి తక్కువ సౌండ్‌లో నడపండి. ఆ జత 10 మీటర్ల వెనక ఉంటే దానికి సుమారు 29 మిల్లీసెకన్ల డిలే, అంటే శబ్దం అంత ఆలస్యంగా వచ్చేలా, పెట్టమని చెప్పండి. పెట్టకపోతే మైకులో మాట రెండుసార్లు వినపడినట్టుంటుంది.

భోజనాలప్పుడు పాట 60 డెసిబెల్స్ దాటకూడదు, మనుషుల మామూలు మాట ఉండేది అక్కడే. డాన్సప్పుడు ఫ్లోరు మధ్యలో 90–95 చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి పెట్టిన గరిష్ఠం, 15 నిమిషాల సగటు మీద, 100. ఫోన్ యాప్ కొలత ఉజ్జాయింపే, అయినా పనికొస్తుంది.

మైకు కీచుమనేది ఎప్పుడంటే, మాట్లాడేవాళ్లు మైకు పట్టుకుని స్పీకర్ ముందుకి నడిచొచ్చినప్పుడు. మాట్లాడే చోటు స్పీకర్ల వెనక ఉండాలి. పట్టుకునేది పిడిని, జాలీ గుండుని కాదు. గుండుని గుప్పిట్లో మూస్తే కీచుదనం ఇంకా పెరుగుతుంది. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉంటే చాలు. ప్రసంగాలకి ముందు కొత్త బ్యాటరీలు వేయించండి.

లైట్లకీ పొగ మెషీన్‌కీ ఒక లైను, సౌండ్‌కి వేరే లైను. ఆ మెషీన్ హీటరే 1000 వాట్లు దాటి లాగగలదు. సౌండ్ ఉన్న లైన్లోనే తగిలిస్తే ట్రిప్ అయి పాట మధ్యలో ఆగుతుంది. హాల్లో పొగ అలారం ఉందేమో ముందే కనుక్కోండి.

ఇంటిపాట:
మూడు నాలుగు పాటలకే తరహా మార్చాలన్నది సరే, కట్టలు చిన్నవి చేసుకోవచ్చు. కానీ ఒక్క చోట డీజేకి రవ్వంత స్వేచ్ఛ కూడా ఇవ్వకండి: జంట వేసే మొదటి డాన్సు. ఒకే పేరుతో పాట మూడు నాలుగు రూపాల్లో ఉంటుంది, ఆల్బమ్‌ది, లైవ్‌ది, రీమిక్స్. మీరు సాధన చేసింది 3:05ది, ఆయన దగ్గరున్నది 4:48ది. మొదట్లో 40 సెకన్లు వయొలిన్లే మోగుతుంటాయి, ఇద్దరూ చేతులెక్కడ పెట్టాలో తెలియక నిలబడతారు, 150 ఫోన్లు రికార్డ్ చేస్తుంటాయి. సాధన చేసిన ఫైలునే పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. ముందు భాగం కత్తిరించి 2:00–2:30కి కుదించండి. ఏ లైను దగ్గర మిగతావాళ్లని పిలవాలో, ఏ సైగకి పాట తగ్గించాలో రాసివ్వండి. ఆ రోజు వేసుకునే చెప్పులతోనే సాధన చేయండి.

తాళంగతి:
దీంట్లో తేడా లేదు. లోపలికి రావడం, మొదటి డాన్సు, ఆఖరి పాట, ఈ మూడూ మీవే. ఫైలూ సెకనూ మీరే చెప్పాలి.

పెళ్లిపనులు:
అర్థమైంది. మూడు సందర్భాలకి ఫైళ్లు, తప్పనిసరివి 12, వద్దన్నవి 10, మిగతా 45ని మా అభిరుచి తెలియడానికి వరస లేకుండా ఇస్తాను. రెండు సందేహాలు. అతిథులు వచ్చి పాట అడిగితే వేయాలా? ఫ్లోరు ఎంతుండాలి?

ఇంటిపాట:
అడిగినవి వద్దు. ఒక్కటి వేస్తే వరస కడతారు, ప్రతివాళ్లూ తమ పాట పడేదాకా డీజే చుట్టూనే ఉంటారు.

తాళంగతి:
వేయొచ్చు, వద్దన్న జాబితాలో లేకపోతే. కానీ "ఇప్పుడే" అని మాటివ్వకూడదు. వేగం కలిసే చోట వేయాలి. అడిగినవాడు తన పాటకి నలుగురిని లాక్కొస్తాడు, ఆ లాభం వదులుకోవద్దు.

మిక్సర్‌ముందు:
ఫ్లోరు: 150 మందిలో ఒకేసారి ఆడేది 50–60 మంది. ఒక్కొక్కరికి 5 చదరపు అడుగులనుకుంటే 300, అంటే సుమారు 17–18 అడుగుల చదరం. అంతకన్నా పెద్దది వద్దు. 20 మంది ఆడుతున్నా ఖాళీగా కనపడుతుంది, కొత్తవాళ్లు అడుగుపెట్టరు. డాన్సు మొదలవగానే పైనున్న తెల్ల లైట్లు తగ్గించేలా హాలువాళ్లతో ముందే మాట్లాడండి. తర్వాత స్విచ్ ఎక్కడుందో వెతుక్కోవడంలోనే రెండు పాటలైపోతాయి.

ఇంకోటి, ఆ 4 గంటల్లో సామాను బిగించడం, విప్పడం కలిసున్నాయా అడగండి. బిగించి మైకులు సరిచూసుకోవడానికి గంటన్నర కావాలి. విప్పడం కూడా ఉంటే ఆఖరి పాట అరగంట ముందే పడాలి, మీ 95 నిమిషాలు అక్కడికే 65 అవుతాయి.