సమస్య: "పాలు పొంగినింట పస్తులాయె"

నిర్వాహకుడు (నల్లగొండ):
ఈ వారం సమస్యాపూరణం ఆటవెలది పద్యంలో, ఇచ్చింది నాలుగో పాదం, పై మూడూ మీరు రాయాలి. పాలు పొంగితే శుభం అంటాం, గృహప్రవేశం నాడు కావాలనే పొంగిస్తాం, మరి అలాంటి ఇంట్లో పస్తులేమిటన్నదే చిక్కు. షరతు ఒక్కటే, దరిద్రదేవతను, శాపాలను పట్టుకురావద్దు, వెలగని గ్యాస్ పొయ్యితోనే పూరించాలి. గణాలు (గురులఘువుల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జోడీ అక్షరం) ఎలాగూ చూస్తాం, పొయ్యి ఎందుకు వెలగలేదో అదీ సరిగ్గా ఉండాలి.

మిర్యాలగూడ తమ్ముడు:

పొయ్యిమీద పాలు పొంగి పొరలిపోయి
బర్నరందు చేరి బంకకట్టె
అగ్గిపుల్లలన్ని యైపోయె, మంటేది?
పాలు పొంగినింట పస్తులాయె!

నిర్వాహకుడు:
నడక బాగుంది తమ్ముడూ. "అగ్గి"కి "ఐ"తో యతి కూడా చక్కగా కుదిరింది. ఇక పొయ్యి సంగతి సారు చెప్పాలి.

జడ్చర్ల అన్న (పొయ్యిలు బాగుచేస్తాను):
నన్ను సారు అనకండి, నాకు పద్యాలు రావు. కానీ బర్నరు చుట్టూ ఉండే చిల్లులు పూడితే మంట మొత్తం రాకుండా పోవడం తక్కువ, సగం వైపు వెలిగి సగం వైపు వెలగదు, లేదా ఎత్తుపల్లాలుగా వస్తుంది. అసలే వెలగలేదంటే పాలు మధ్యలోంచి కిందికి దిగి జెట్టు మూసుకుపోయి ఉంటుంది. బర్నరు ఎత్తి చూస్తే కింద ఇత్తడి ముక్క కనిపిస్తుంది, దాని నడుమ సూదిమొనంత రంధ్రం, గ్యాసు వచ్చేది అందులోంచే. సన్నని తీగతో మెల్లగా తీయాలి. మేకు పెట్టి కెలికితే రంధ్రం పెద్దదై గ్యాసు ఎక్కువొచ్చి మంట పసుపుపచ్చగా లేస్తుంది, గిన్నెలన్నీ మసి. బర్నరునైతే వేడినీళ్లు, సబ్బుతో నానబెట్టి పిన్నీసుతో చిల్లులు తీయండి. పుల్లతో మాత్రం వద్దు, లోపల విరిగితే ఇంకో పని.

వనపర్తి అక్క:
అదంతా సరే, ఆ ఇంట్లో రెండో పొయ్యి లేదా? ఒకటి పూడితే రెండోదాని మీద వండుకోరా? పస్తులెందుకున్నారు?

నిర్వాహకుడు:
గట్టి ప్రశ్న. తమ్ముడికి అర మార్కు కోత.

గద్వాల పెద్దాయన:
విద్వద్గద్వాల వాళ్లం, ఇలాంటివాటికి వెనకాడం.

కొత్త యిల్లు చేరి కోరి పాల్పొంగించి
వంట మొదలువెట్ట బండ ఖాళి
బుక్కు చేయగానె పొయ్యి వెలుగబోదు
పాలు పొంగినింట పస్తులాయె!

నిర్వాహకుడు:
పెద్దాయనా, రెండో పొయ్యి గొడవ ఒక్క దెబ్బకు తీర్చేశారు! గ్యాసు బండ (సిలిండరు) ఖాళీ అయితే రెండూ పోతాయి. "మొదలువెట్ట" అన్న మన పలుకుబడి పద్యంలో ఒదిగిన తీరు నాకు బాగా నచ్చింది. "కోరి" అన్న చిన్న మాటతో పొంగించింది ఇష్టపూర్వకంగానే అని కూడా చెప్పారు.

జడ్చర్ల అన్న:
ఇది సరిగ్గా ఉంది. రెండు పొయ్యిలూ ఒకేసారి డీలాపడితే బండనో రెగ్యులేటరునో పైపునో చూడాలి, ఒక్కటే మొరాయిస్తే తప్పు ఆ బర్నరుదే. నాకు ఫోన్ చేసేవాళ్లను మొదట ఇదే అడుగుతా. రెగ్యులేటరు ఆన్ చేయడం మరచిపోయి నన్ను పిలిపించినవాళ్లూ ఉన్నారు.

దేవరకొండ అక్క:

కడిగి తుడవకుండ గబగబ తొడిగిరి
తడిసినట్టి పిన్ను తళుకులేదు
టక్కు టక్కు మనుచు టైము గడిచిపోయె
పాలు పొంగినింట పస్తులాయె!

గద్వాల పెద్దాయన:
మూడో పాదం చప్పుడు చెవిలో మోగుతోందమ్మా. అయితే పైన పాల ఊసే లేదు, నాలుగో పాదం ఎక్కడినుంచో ఊడిపడ్డట్టుంది. మొదటి పాదాన్ని "పాల మరక గడిగి పైన తుడువకున్న" అని మార్చండి, "పా"కు "పై" యతి, అతుకు కనబడదు.

దేవరకొండ అక్క:
తీసుకున్నా పెద్దనాన్నా, అదే ఉంచండి.

జడ్చర్ల అన్న:
తడి సంగతి నిజం. స్పార్కు ఇచ్చే పిన్ను తడిస్తే, దాని చుట్టూ ఉన్న తెల్ల పింగాణీ పగిలినా, టక్కుమంటుంది తప్ప నిప్పురవ్వ సరిగ్గా పడదు. అసలు చప్పుడే లేకపోతే బ్యాటరీ చూడండి. బర్నరు మూత వంకరగా కూర్చున్నా టక్కుమంటుంది గానీ వెలగదు. కానీ అక్కా, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది కదా, గ్యాసు వస్తూనే ఉందాయె.

దేవరకొండ అక్క:
అగ్గిపెట్టె దేవుడి గూట్లో ఉంది అన్నా, ఆ టెన్షన్‌లో ఎవరికి గుర్తొస్తుంది!

నారాయణపేట కుర్రాడు:
నాది మొదటి పాదం మాత్రమే వచ్చింది, చూడండి: "నాబు తిప్పి తిప్పి గ్యాసు నింపి గీసె"

నిర్వాహకుడు:
"నా"కు "గ్యా" యతి కుదరదు, చివర "పి గీ సె" జగణం, అక్కడ రావాల్సింది ఇంద్రగణం, ఇంద్రగణాల్లో జగణం లేదు. అదైనా దిద్దుకోవచ్చు గానీ బాబూ, నువ్వు రాసిన పని ఎవరూ చేయొద్దు. వెలగకపోతే వెంటనే నాబు కట్టేయాలి, కాసేపు ఆగి కిటికీలు తెరిచి మళ్లీ చూడాలి. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలబారున నిలుస్తుంది, వాసన వస్తుంటే అగ్గిపుల్ల కాదు కదా, లైటు స్విచ్చి కూడా ముట్టొద్దు. బండ దగ్గర రెగ్యులేటరు ఆపి, బయటికొచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి. పాదం కావాలంటే "నాబు కట్టివేసి నాలుగు పుల్లలు" అని మొదలుపెట్టు, మిగతా మూడూ నువ్వే రాయి.

వనపర్తి అక్క:
ప్రశ్న వేసింది నేనే కాబట్టి నేనే పూరిస్తా.

ఒకటి పూడిపోయె నొలికిన పాలతో
రెండవదియు నెపుడొ రిపెరుకొచ్చె
ఇంటినిండ జనము లిక జొన్నరొట్టేది?
పాలు పొంగినింట పస్తులాయె!

గద్వాల పెద్దాయన:
గణం కోసం "రిపేరు"కే రిపేరు చేశావు తల్లీ!

నిర్వాహకుడు:
అందుకో పావు మార్కు కోత, జొన్నరొట్టెకు అర మార్కు అదనం. మొదటి స్థానం మాత్రం పెద్దాయనదే, బండ ఖాళీకి ఎదురు లేదు. వచ్చే వారం తేటగీతి, పాదం ఆదివారం ఇస్తా.

జడ్చర్ల అన్న:
వచ్చేసారి మిక్సీ పెట్టండి సారూ, దానిమీద కూడా చెప్పాల్సింది చాలా ఉంది.