అప్‌డేట్: ట్యూనర్ కంటే ముందు గేజ్‌లే పెట్టా
పోయిన నెల అడిగా కదా, టెక్సస్‌లో ఉన్న నా 2006 డాడ్జ్ రామ్ 2500 పికప్ ట్రక్కుకి (5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్) ముందు ట్యూనరా (ఇంజన్ సెట్టింగ్‌లు మార్చి పవర్ పెంచే పరికరం), గేజ్‌లా (వేడి, ప్రెషర్ చూపించే మీటర్లు) అని. ముందు గేజ్‌లే పెట్టమన్న మీ మాటే విన్నా. ఎగ్జాస్ట్ వేడికి పైరోమీటర్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) ప్రెషర్‌కి బూస్ట్ గేజ్, గేర్‌బాక్స్ ఆయిల్ వేడికి ఇంకోటి పెట్టా.

పైరోమీటర్ ప్రోబ్ టర్బోకి ముందే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే ఇనప గొట్టం) పెట్టా. డ్రిల్ చేస్తుంటే చేతులు వణికాయనుకోండి! ఇనప రజను టర్బోలోకి పోకుండా బిట్‌కి గ్రీజు రాసి, తర్వాత అయస్కాంతంతో తీశా.

ట్యూనర్ చిన్న లెవెల్‌లోనే ఉంది. అయినా ట్రైలర్ లాగుతూ ఎత్తెక్కుతుంటే పైరోమీటర్ ముల్లు 1,250 ఫారెన్‌హీట్‌కి, అంటే జాగ్రత్త పడాల్సిన వేడికి, వచ్చేసింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి గేర్ తగ్గించగానే దిగింది. గేజ్ లేకపోతే నాకు తెలిసేదే కాదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో కాలుష్యం తగ్గించే భాగం) పీకెయ్యమన్న సలహా మాత్రం పక్కన పెట్టా. ఇక్కడ అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం.