వంట గ్యాస్, పెట్రోలు రెండూ పెరిగాయి: వాడకం నిజంగా తగ్గించేవి ఏవి?

నెలఖర్చు అడిగారు:

వంట గ్యాసూ, బండిలో పోసే పెట్రోలూ రెండూ మోయలేనంతగా పెరిగాయి. మిగతా సరుకులూ వాటి వెంటే పెరుగుతున్నాయి. దొరికే చిట్కాలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. ఒకరు మొదటినుంచీ సన్నమంట మీదే వండమంటారు, ఇంకొకరు పెద్దమంట మీద పెట్టి త్వరగా దించేయమంటారు. పల్లంలో బండిని న్యూట్రల్‌లో వదలమని ఒకరు, అసలు వద్దని మరొకరు.

కొత్తగా ఏదీ కొనకముందే చేయగలిగినవి ఏమిటి, ఏది ఎంత మిగులుస్తుంది? ఇండక్షన్ స్టవ్ కొంటే కలిసొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి? లెక్క తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నీలిమంట:

ముందు ఒక లెక్క చూడండి, సగం అనుమానాలు దానితోనే తీరతాయి. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్లు కావాలి. అదే లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావాలంటే మరో 2,257 కిలోజౌళ్లు, అంటే ఏడు రెట్లు. నీరు మరగడం మొదలయ్యాక మంట పెంచితే గిన్నెలో వేడి పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. కుతకుత ఉడికినా, కళపెళ మరిగినా లోపలున్నది అదే 100 డిగ్రీలు. పదార్థం ఉడికే వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, గ్యాస్‌లో మాత్రం చాలా ఉంటుంది.

అందుకని సన్నమంటా పెద్దమంటా అన్న ప్రశ్నకు జవాబు రెండు దశల్లో ఉంది. మరుగు వచ్చేదాకా గిన్నె అడుగు దాటని మంటల్లో అన్నిటికన్నా పెద్దది పెట్టండి. మంట కొసలు అంచు దాటి పక్కల నుంచి పైకి వస్తుంటే ఆ వేడి వంటగదికే పోతోంది. మరుగు రాగానే మూత పెట్టి, బుడగలు ఆగిపోకుండా ఉండేంతవరకు తగ్గించండి. మొదటినుంచీ మరీ సన్నమంట పెడితే గిన్నె వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సేపంతా గిన్నె పక్కల నుంచీ పైనుంచీ వేడి పోతూనే ఉంటుంది.

ప్రెషర్ కుక్కర్ సంగతి. బయటి గాలి పీడనం కన్నా ఒక బార్ (అంటే దాదాపు మరో అంత) ఎక్కువ పీడనంలో నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందుకే వంట త్వరగా అవుతుంది. వెయిట్ ఒకసారి లేచిందంటే లోపల కావలసిన పీడనం వచ్చేసినట్టే. ఆ తర్వాత పెద్దమంట ఉంచితే వరసగా విజిల్స్ వస్తాయి, ప్రతి విజిలూ గ్యాస్ ఖర్చుపెట్టి చేసిన ఆవిరిని బయటికి వదలడమే. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, విజిల్స్ బదులు నిమిషాలు లెక్కపెట్టుకోండి. కట్టేశాక ఆవిరి దానంతట అది దిగేదాకా ఉడకడం సాగుతూనే ఉంటుంది, ఆ నిమిషాలనూ వంట సమయంలో కలుపుకోవాలి. మూత అంచు నుంచి ఆవిరి చిమ్ముతుంటే గాస్కెట్ గట్టిబడిందన్నమాట. అలాంటి కుక్కర్‌కు పీడనమే రాదు, మామూలు గిన్నెలో వండినట్టే గ్యాస్ తాగుతుంది. గాస్కెట్ మార్చడం ఈ జాబితాలో అన్నిటికన్నా చౌక పని.

పప్పుధాన్యాలు, ఎండు గింజలు 6 నుంచి 8 గంటలు నానబెడితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. పులుపు మాత్రం ముందే వేయకండి. ఆమ్లం ఉంటే గింజ మెత్తబడదు, మంట వృథా అవుతుంది. మెత్తబడ్డాకే వేయాలి.

మరిగిన గిన్నెను దుప్పట్లలో చుట్టిపెట్టి మిగతా వంట ఆ వేడితోనే కానిచ్చే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది. గిన్నె దాదాపు నిండుగా ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి, చుట్టే ముందు పది నిమిషాలు బాగా మరగాలి. తీసేసరికి 60 డిగ్రీల కన్నా చల్లబడి ఉంటే సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఎక్కువసేపు వదిలేయకండి, తినే ముందు మళ్లీ మరిగించండి. ఎర్ర రాజ్మాకు ఈ పద్ధతి ప్రమాదం. అందులోని లెక్టిన్ అనే విషపదార్థం పోవాలంటే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు నిండు మరుగు పట్టాలి. అరకొర వేడిలో ఎన్ని గంటలుంచినా అది పోదు.

ఇంకొకటి, చాలామంది లెక్కలోకి తీసుకోనిది వేణ్ణీళ్లు. 20 లీటర్ల నీటిని స్టవ్ మీద 25 నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 50 గ్రాముల ఎల్పీజీ కావాలి. అంత గ్యాస్‌తో నాలుగు లీటర్ల నీటిని మరుగు దాకా తేవచ్చు. స్నానాల నీళ్లు గ్యాస్ మీదే కాగుతున్న ఇంట్లో పొదుపు అక్కడ మొదలవ్వాలి, టీ గిన్నె దగ్గర కాదు.

నెలఖర్చు:

చాలా ఉపయోగపడే వివరాలండీ. మంట గురించి ఒక్క సందేహం. బర్నర్ రంధ్రాలు శుభ్రంగానే ఉన్నా మంట కొసలు పసుపుగా వస్తుంటే, గిన్నెల అడుగున మసి పడుతుంటే తర్వాత ఏం చూడాలి?

నీలిమంట:

పసుపు మంట అంటే గ్యాస్‌కు సరిపడా గాలి కలవడం లేదు. రంధ్రాలు బాగున్నాయంటే గాలి లోపలికి వచ్చే దారి చూడాలి. రెగ్యులేటర్ కట్టేసి, స్టవ్ చల్లారాక బర్నర్‌ను తీయండి. దాని కింద, జెట్ (గ్యాస్ బయటికి వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) దగ్గర మొదలయ్యే గొట్టంలోనే గ్యాసూ గాలీ కలుస్తాయి. అందులో సాలెగూడు, పొంగిపోయి ఎండినవాటి పొర, జిడ్డు చేరతాయి. సన్నని బ్రష్‌తో లోపలంతా తుడిచి, కడిగితే పూర్తిగా ఆరబెట్టి బిగించండి. తడి ఉంటే మంట చిటపటలాడుతుంది.

కొన్ని స్టవ్‌లకు ఆ గొట్టం మొదట్లో తిప్పగలిగే గాలి మూత ఉంటుంది. కొద్దికొద్దిగా తెరుస్తూ నీలి మంట, లోపల స్పష్టమైన చిన్న కోన్ కనిపించేదాకా సర్దండి. మరీ తెరిస్తే మంట బర్నర్ మీద నిలవక పైకి ఎగురుతుంది, అప్పుడు కాస్త వెనక్కి తిప్పాలి. అప్పుడప్పుడు మెరిసే నారింజ చుక్కలు ధూళి వల్లో ఉప్పు వల్లో వస్తాయి, వాటికి కంగారు పడక్కర్లేదు.

జెట్ రంధ్రంలో మాత్రం సూదీ తీగా పెట్టకండి. అది వెంట్రుకవాసి పెద్దదైనా ప్రతి నిమిషం ఎక్కువ గ్యాస్ వస్తుంది, మంట పసుపు రంగు వదలదు. అనుమానం ఉంటే అదే కొలత కొత్త జెట్ వేయించండి. పైపు గ్యాస్ కోసం చేసిన జెట్‌తో ఎల్పీజీ వాడినా ఇదే జరుగుతుంది. పైపు గ్యాస్ జెట్ రంధ్రం పెద్దది. అది మెకానిక్ చేతే మార్పించాలి.

స్టవ్‌ను తిరిగి బిగించాక అతుకులన్నిటికీ సబ్బునురుగు రాసి చూడండి. బుడగ లేచిన చోట లీకు ఉన్నట్టు. అగ్గిపుల్లతో పరీక్ష ఎన్నడూ వద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులూ కిటికీలూ తెరవాలి.

గేరుచక్రం:

బండి సంగతి నేను చెబుతాను. మొదట అసలు మైలేజీ ఎంతో తెలుసుకోండి, డిస్‌ప్లే చూపించే అంకెను నమ్ముకోవద్దు. పంపు మొదటిసారి ఆటోమేటిక్‌గా ఆగినచోట ఆపి, కిలోమీటర్లు రాసుకోండి. తర్వాతిసారి అదే పంపులో, అలాగే ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్కసారి నింపినదాంట్లో ఒకటి రెండు లీటర్ల తేడా రావచ్చు. మూడుసార్ల కిలోమీటర్లూ, లీటర్లూ విడివిడిగా కలిపి భాగిస్తే నమ్మదగ్గ అంకె వస్తుంది. ఆగాక కూడా అంచుదాకా పోయించకండి. కారులో ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి పెట్రోలు చేరి పాడవుతుంది.

ఎక్కువ మిగిల్చేది నడిపే తీరు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కడం, ఆ వెంటనే బ్రేకు వేయడం వల్ల హైవే మీద మైలేజీ 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం పడిపోతుంది. ముందున్న సిగ్నల్ ఎర్రగా కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం మీద పెట్రోలులో కలిపే ఏ మందూ గెలవదు. వేగం విషయానికొస్తే గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 90 కి.మీ. నుంచి 110కి వెళ్తే ఆ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వాడని రూఫ్ క్యారియర్ తీసేయమని చెప్పేదీ ఇందుకే.

టైర్ల గాలి గురించి అతిగా ఆశ పెట్టుకోవద్దు. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) తగ్గితే మైలేజీ పోయేది సుమారు 0.2 శాతమే. 35 ఉండాల్సింది 28 ఉంటే ఒకటిన్నర శాతం లోపు. అయినా టైరు అంచులు అరిగిపోతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది కాబట్టి నెలకోసారి చూడాల్సిందే. చూసేది టైరు చల్లగా ఉన్నప్పుడు. పెట్టవలసిన అంకె డ్రైవర్ తలుపు చట్రం మీద అంటించిన పట్టీలో ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసినది దాని గరిష్ఠ పరిమితి, అది పెట్టకండి.

మైలేజీ ఉన్నట్టుండి పడిపోతే ముందు రెండు అనుమానాలు. ఒకటి బ్రేకు పట్టేసి ఉండటం. బ్రేకు పెద్దగా వాడకుండా కాసేపు నడిపి ఆగి, చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. మిగతావాటికన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే అదే దొంగ. రెండోది ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పే భాగం. ఇంజన్ హెచ్చరిక దీపం వెలిగిందంటే వాయిదా వేయకండి. ఆ సెన్సర్ పూర్తిగా చెడితే ఇంధనం అవసరానికి మించి పడుతూనే ఉండవచ్చు. ద్విచక్ర వాహనమైతే చైన్ మరీ బిగుతుగా ఉందేమో, క్లచ్ లివర్‌కు వదులు సరిగా ఉందో లేదో చూడండి. వదులు లేకపోతే క్లచ్ జారుతుంది, ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు.

ఒకే వైపు పనులన్నీ ఒకే ప్రయాణంలో ముగించండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి కొన్ని కిలోమీటర్లలో ఇంధనం బాగా ఎక్కువ తాగుతుంది.

కొండదారి:

గేరుచక్రం గారూ, న్యూట్రల్ సంగతి వదిలేశారు. పల్లంలో ఇంజన్ తిరిగే వేగం తగ్గితే ఇంధనం మిగలదా?

గేరుచక్రం:

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో, అంటే ఇంజెక్టర్లతో ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి చిమ్మించే బండిలో, మిగలదండీ, ఖర్చవుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. ఆ సేపు వాడకం సున్నా. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోయాల్సి వస్తుంది. కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో ఈ మూసివేత మామూలుగా ఉండదు, ఆ సలహా అక్కడినుంచి వచ్చింది. ఏ బండికైనా పొడవైన పల్లంలో న్యూట్రల్ వద్దు. ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి.

చిట్టాపద్దు:

ఇండక్షన్ ప్రశ్న మిగిలింది. కిలో ఎల్పీజీలో సుమారు 12.7 యూనిట్ల శక్తి ఉంటుంది. స్టవ్ సామర్థ్యం 55 శాతం అనుకుంటే గిన్నెకు చేరేది 7 యూనిట్లు. ఇండక్షన్ సామర్థ్యం 85 శాతం వేసుకుంటే అదే పనికి 8.2 యూనిట్ల కరెంటు చాలు. అంటే మీ కిలో గ్యాస్ ధర 8 యూనిట్ల కరెంటు ధర కన్నా బాగా ఎక్కువగా ఉంటేనే ఇండక్షన్ చౌక. పైపు గ్యాస్ అయితే ఒక ఘనపు మీటరును ఆరున్నర యూనిట్లతో పోల్చండి. ఇక్కడ చాలామంది తప్పేది కరెంటు రేటు దగ్గర. బిల్లును యూనిట్లతో భాగించిన సగటు వేయకూడదు. వాడకం పెరిగితే ఏ శ్లాబులో పడతారో ఆ శ్లాబు రేటు వేయాలి. శ్లాబు మారితే లాభం తారుమారవుతుంది.

కొనే ముందు అయస్కాంతంతో మీ గిన్నెల అడుగులు చూసుకోండి. గట్టిగా అంటుకోనివి పనికిరావు, కొత్త గిన్నెల ఖర్చూ కలపాలి. 2,000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

చౌక పెట్రోలు కోసం దూరం వెళ్లడానికీ ఇలాంటి లెక్కే. 30 లీటర్లు పోయిస్తూ ధర 2 శాతం తక్కువైతే మిగిలేది 0.6 లీటరు విలువ. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే బండికి అది 9 కి.మీ. రానూపోనూ అదనపు దూరం 9 దాటితే నష్టమే.

మిగతా ఖర్చుల్లో రెండే చెబుతాను. ప్యాకెట్ ధర మారకుండా 500 గ్రాములు 450 అయిందంటే ధర 11 శాతం పెరిగినట్టు, కాబట్టి 100 గ్రాముల ధరతోనే పోల్చండి. ఇక క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం అవుతుంది. గ్యాస్ మీదా పెట్రోలు మీదా మిగిలినది ముందు ఆ బాకీకే కట్టండి.