షోయబుల్లాఖాన్ 'ఇమ్రోజ్' పాత సంచికలు ఎక్కడ చూడొచ్చు?

అందరికీ నమస్తే. మా అమ్మాయి డిగ్రీలో జర్నలిజం చేస్తోంది, ప్రాజెక్టుకి నిజాం కాలం నాటి ఉర్దూ జర్నలిస్టు షోయబుల్లాఖాన్‌ని తీసుకుంది (నేనే సజెస్ట్ చేశా లెండి). ప్రాబ్లం ఏంటంటే ఎక్కడ చూసినా ఆయన చావు గురించే, 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో పేపర్ ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే దారికాచి కాల్చి, రాసే చెయ్యి నరికేశారు, తెల్లారేసరికి ప్రాణం పోయింది, 28 ఏళ్లు కూడా నిండలేదు పాపం. సరే, మరి బతికుండగా ఏం రాశాడు? 'తేజ్' పత్రికలో రాస్తే దాన్ని మూయించారు, మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' కి పోతే దాన్నీ మూయించారు, అయినా ఊరుకోకుండా 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' పత్రిక పెట్టాడు. నిజాం ఊళ్లోనే కూర్చుని, ఉర్దూలోనే, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాయడమంటే మామూలు గుండె కాదు కదా. ఆ రాతలే కావాలి మాకు.

తార్నాక ఆర్కైవ్స్‌లో గానీ అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో గానీ ఇమ్రోజ్ కాపీలు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాలేజీ లెటర్ తీసుకెళ్తే సరిపోతుందా, ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారా? ఇంకోటి, మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గానీ చదవడం ఎవరికీ రాదు, ఒకట్రెండు సంపాదకీయాలు చదివి తెలుగులో చెప్పేవాళ్లుంటే మెసేజ్ పెట్టండి, ఫ్రీగా వద్దు, ఎంతో చెప్పండి ఇస్తాం. నెలాఖరుకి సబ్మిట్ చెయ్యాలి. వికీపీడియా లింకులు మాత్రం వద్దు ప్లీజ్, అవన్నీ చూసేశాం.